రుచి చూడటానికి కాదు

ఆ ఊళ్ళో రైలు దిగినవాడు బస కంటే ముందు భోజనం ఎక్కడ బాగుంటుందని అడుగుతాడు. అలా అడిగినవాళ్ళలో సగం మందిని ఆటోవాళ్ళు స్టేషను వెనక సందులోకి, అత్తగారి మెస్‌కి తెచ్చి దింపుతారు. ముప్ఫై ఏళ్ళుగా అదే వరస. ఎనిమిది బల్లలు, పదహారు బెంచీలు. కడుపు నిండిందని చెప్పడానికి అక్కడ నోరు చాలదు, పళ్ళెం మీద అరచెయ్యి అడ్డం పెట్టాల్సిందే.

అదే సందు చివర, మూతపడిన అచ్చాఫీసులో కోడలు రెస్టారెంట్ తెరవబోతోంది. అత్తగారి వంటింట్లో ఆరేళ్ళు గరిటె తిప్పి, తర్వాత ఒక పెద్ద హోటల్లో నాలుగేళ్ళు పనిచేసిన మనిషి. ఆమె ఆలోచన ఏమిటంటే, ఏడు వంటకాలు ఒకదాని తర్వాత ఒకటి రావాలి. ఒక్కొక్కటీ మూడు ముద్దలకు మించకూడదు.

"పళ్ళెం చేటంత, కూర చిటికెడంతట!" అని మెస్‌లో రోజూ తినే డ్రాయింగ్ మాష్టారు అందరికీ వినిపించేలా అన్నాడు. "భూతద్దం కూడా వాళ్ళే ఇస్తారా అమ్మా?"

"ముందు మీరు తినండి మాష్టారూ, చల్లారిపోతోంది. బొమ్మ గీసుకోమని పెట్టలేదు" అన్నారు అత్తగారు.

మాష్టారి నోరైతే మూయించారు గానీ కోడలి తరఫున ఒక్క మాటా అనలేదు. గుమ్మం దగ్గర నిలబడి విన్న కోడలికి అది ముల్లులా గుచ్చుకుంది.

అసలు ఆవిడకు మెచ్చుకోవడం రాదు. బాగుంటే "సరిపోయింది" అంటారు. బాగోకపోతే "ఊఁ" అంటారు. ఆ రెండు మాటలతోనే కోడలికి వంట నేర్పారు. ఎల్లుండి తలుపులు తెరిచేలోగా ఆవిడ ఒక్కసారి వచ్చి భోంచేయాలని కోడలి కోరిక. ఊరంతా మెచ్చుకున్నా ఆ నాలుక ఒప్పుకోకపోతే, నేర్చుకున్న పని ఇంకా అరువు పనిలాగే ఉంటుంది.

"అత్తయ్యా, రేపు మధ్యాహ్నం మెస్ మీ అబ్బాయికి వదిలేసి రండి" అంది.

"వాడికి వదిలేస్తే నా దగ్గరికొచ్చే వాళ్ళంతా నీ దగ్గరికే పరిగెత్తుకొస్తారు. మంచి ఎత్తే వేశావే!"

అన్నారు గానీ వచ్చారు. గంజి పెట్టిన చీర కట్టుకుని, చేతులు కడుక్కుని, మెత్తటి కుర్చీలో అంచు మీద కూర్చున్నారు. మేనేజరు స్వయంగా వడ్డనకు నిలబడ్డాడు. కోడలు వంటింట్లోకి వెళ్ళింది.

మొదటి పళ్ళెం తిరిగొచ్చింది. కాల్చిన గుమ్మడి ముక్క ఒక అంచున గోరంత తెగి ఉంది. తక్కినదంతా పెట్టింది పెట్టినట్టే ఉంది. రెండోదీ అంతే. మూడోది చేప, ఒక మూల కాస్త విరిగిందంతే.

"ఏమన్నారు?"

"సరిపోయిందని చెప్పమన్నారు మేడమ్. మూడుసార్లూ అదే మాట."

పరాయివాళ్ళింట్లో మొహమాటానికి అన్నట్టు అనిపించింది ఆమెకు. నాలుగో పళ్ళెం మేనేజరుకి ఇవ్వలేదు, తనే పట్టుకెళ్ళింది. మెల్లగా కాల్చి, మీగడ పోసిన ఉల్లిపాయ అది. ఆవిడ వేలికొసతో చిటికెడు తీసుకుని నాలుక మీద వేసుకున్నారు. పళ్ళెం పక్కకు జరిపారు.

"సరిపోయింది. అన్నీ సరిపోయాయి. ఇంక వడ్డించెయ్యవే, ఒంటిగంట దాటింది. నీ భోజనం కోసం పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు."

కోడలికి అప్పుడు అర్థమైంది. మెస్‌లో రోజూ వడ్డనకు ముందు ప్రతి గిన్నెలోంచీ ఒక్క గరిటెడు ఆవిడ ముందుకు వెళుతుంది. ఆవిడ చిటికెడు నోట్లో వేసుకుని సరిపోయిందంటేనే గిన్నె కదులుతుంది. ఆరేళ్ళు ఆ చిన్న పళ్ళెం పట్టుకెళ్ళింది తనే.

"అత్తయ్యా, ఇవి రుచి చూడటానికి కాదు. ఇదే భోజనం."

"ఇదా?"

"ఇదే."

"మరి ఇందాకటివి?"

"అవీ భోజనమే."

"అయ్యో, నా మతి మండా! మూడు పళ్ళాలు ఎంగిలి చేసి వెనక్కి పంపానే! నువ్వు లోపల ఏమనుకున్నావో!"

"ఏడవడానికి స్టూలు ఎక్కడుందా అని చూస్తున్నాను."

ఆవిడ నవ్వబోయారు. కోడలి కళ్ళు చూసి ఆగిపోయారు. "మొదటి నుంచీ మళ్ళీ తెప్పించు. నువ్వు కూడా ఇక్కడ కూర్చో."

మళ్ళీ వచ్చాయి. ఆవిడ తొందరపడకుండా తిన్నారు. గుమ్మడి బాగా మగ్గిందన్నారు. చేప దగ్గర "పులుపు పిసరు ఎక్కువైంది" అంటే, నిమ్మరసం తగ్గిస్తానంది కోడలు. నాలుగోది ఉల్లిపాయ. మొదటి ముద్ద తిన్నారు, రెండోది తిన్నారు. సరిపోయింది అనలేదు, ఊఁ అని కూడా అనలేదు. కోడలు బల్ల కింద చీర కొంగు నలుపుతూ కూర్చుంది.

పళ్ళెం ఖాళీ అయ్యాక అత్తగారు ఒకసారి మేనేజరు వైపు చూసి, ముందుకు వంగి గొంతు తగ్గించారు.

"ఏమే, ఇక్కడ ఇంకొంచెం అడగొచ్చా?"

ఊళ్ళో వాళ్ళందరినీ "ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగే మనిషి. తనకోసం ఆ మాట అనగా కోడలు ఎప్పుడూ వినలేదు.

"అడక్కూడదత్తయ్యా. ఇంకా మూడు రావాలి" అంది. అంటూనే లేచి నిలబడింది.

"అయితే వద్దులే."

"కూర్చోండి మీరు" అంటూ కోడలు వంటింట్లోకి పరుగులాంటి నడకతో వెళ్ళి, వేడి ఉల్లిపాయల్ని గిన్నెతో సహా గుడ్డతో పట్టుకుని తెచ్చింది.