బీబీ పేరున

ఎనభై నాలుగో సంవత్సరంలో మాచర్లలోని ఒక పత్తి మిల్లు హాజరు మస్టరులో రషీదా పేరు లేదు. పదహారుమంది ఆడవాళ్ళలో ఆరో పేరు బీబీ, వయసు యాభై ఎనిమిది. బీబీ రషీదాకు అత్త. మూడేళ్ళ కిందట ఆమె చూపు మందగించి ఇంట్లో కూర్చుంటే, అదే పేరు మీద కోడలు వచ్చి పత్తి గింజ తీసే జిన్ను మిషను ముందు కూర్చుంది. కొత్త పేర్లు రాసుకోవడం మిల్లులో ఎప్పుడో ఆపేశారు. మేస్త్రీ యల్లమంద, "పేరేదైతే ఏంది, చేతులాడితే చాలు" అన్నాడు. ఇంటిల్లిపాదీ సంతోషించారు.

ఇప్పుడు రషీదాకు ఎనిమిదో నెల.

గేటు పక్క గోడకు తెలుగులో ఒక కాగితం అంటించి ఉంది. అందరూ దాని కింద చెప్పులు విడిచేవాళ్ళే గాని చదివినవాళ్ళు లేరు. రషీదా ఐదో తరగతి దాకా చదివింది. కూడబలుక్కుని చదివింది. ఏడాదిలో నూట అరవై రోజులు పనిచేసిన ఆడమనిషికి కాన్పుకు పన్నెండు వారాలు జీతంతో సెలవు. కాన్పయ్యాక ఆరు వారాలు ఆమె చేత పని చేయించకూడదు.

నూట అరవై ఎప్పుడో దాటింది. కాకపోతే ఆ రోజులన్నీ యాభై ఎనిమిదేళ్ళ బీబీవి.

నిరుడు పక్క జిన్ను మీద పనిచేసే నాగేంద్రమ్మ కాన్పయిన తొమ్మిదో రోజున పనికొచ్చింది. రాకపోతే చోటుండదన్నారు. మధ్యాహ్నానికి జిన్ను పక్కనే కూలబడింది. ఆమె కింద పత్తి ఎర్రబడటం మొదట చూసింది రషీదాయే. గుంటూరు తీసుకెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. అప్పటినుంచి తెల్లటి పత్తి మీద సాయంత్రపు ఎండ పడినా రషీదా ముఖం తిప్పుకునేది.

లేబరు ఆఫీసరు వస్తున్నాడని తెలిసి యల్లమంద ఇంటికే వచ్చాడు. రేపు బీబీయే వచ్చి తన చోట కూర్చోవాలనీ, రషీదా కనపడకూడదనీ చెప్పాడు. నోరు జారితే దొంగపేరు కేసవుతుందనీ, అత్తాకోడళ్ళిద్దరూ ఠాణాకు పోవాల్సి వస్తుందనీ చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళాడు.

మర్నాడు రషీదా అత్తను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. కళ్ళు సరిగా ఆనని మనిషిని జిన్ను ముందు వదిలి పోలేక, అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని తలుపు దగ్గర ఒదిగింది.

జిన్నులు తిరగసాగాయి. ఆఫీసరు పేర్లు చదువుతూ ఒక్కొక్కరి దగ్గరా ఆగుతున్నాడు. బీబీ పత్తి అందిస్తోంది. రోలర్ల అంచు ఎక్కడుందో ఆమెకు తెలియడం లేదు. వేళ్ళకూ రోలర్లకూ మధ్య జానెడు దూరం. కాసేపటికి బెత్తెడు. రషీదా మేస్త్రీ వంక చూసింది. అతనూ అటే చూస్తున్నాడు, కదలడం లేదు.

గిన్నె కిందపడింది. రషీదా వెళ్ళి అత్త ముంజేయి పట్టి వెనక్కి లాగింది. పత్తి ముద్దగా ఇరుక్కోబోతుంటే అలవాటుకొద్దీ తనే విడదీసి అందించింది. తలెత్తేసరికి ఆఫీసరు ఎదురుగా ఉన్నాడు. మిషను ఆపించాడు.

"అన్నం తెచ్చిన పిల్ల సార్, కోడలు," అన్నాడు యల్లమంద.

"అన్నం తెచ్చిన పిల్లకి ఈ పనెట్లా వచ్చమ్మా?" ఆఫీసరు రషీదానే అడిగాడు.

బీబీ మాట వచ్చిన దిక్కుకు తల తిప్పింది. "మూడేళ్ళనించి అదే చేస్తంది సారూ. పేరు నాది, పని దానిది. ఇద్దర్నీ ఠాణాకి పంపుతారా?"

ఆఫీసరు లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత నెమ్మదిగా వివరించాడు. పని చేసింది రషీదాయేనని రుజువైతే సెలవు ఆమెకే రావాలి. యజమాని ఒప్పుకోడు, విచారణ జరగాలి. అది కాన్పులోపు తేలుతుందని తను చెప్పలేడు. ఈ సంగతి రాస్తే మాత్రం బీబీ పేరు ఇవాళే పోతుంది.

"రాయమంటావా?"

రషీదా చుట్టూ చూసింది. పదిహేనుమంది ఆడవాళ్ళూ తలలు దించుకున్నారు. పేరు పోతే రేపటినుంచి పని లేదు. ఉంటే, తొమ్మిదో రోజున తనూ ఇక్కడే.

"నా పేరు రషీదా సార్," అంది. గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ చెప్పింది.

రాస్తున్నంతసేపూ యల్లమంద ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. రషీదా అని సంతకం చేస్తుంటే అక్షరాలు వంకరపోయాయి. బీబీ గోడ తడుముకుంటూ వచ్చి కోడలి భుజం పట్టుకుంది.