బయల్దేరేవాణ్ణి అడిగిన మాట

హిందీలో ప్రశ్న అడిగే మాట కొత్తగా ఒకటి నేర్చుకున్నప్పుడల్లా మంగతాయారు వాళ్ల హాలు ఒక గదంత పొడుగు సాగుతుంది. 'క్యా' అంటే ఏమిటి అని నేర్చుకున్న రోజున కిటికీ ఒకటి అదనంగా వచ్చింది. 'కౌన్' అంటే ఎవరు అని పట్టుబడేసరికి మొగుడు నరహరి కుర్చీ వీధిగుమ్మం దగ్గరికి వెళ్లిపోయింది. 'కబ్' వచ్చాక, అంటే ఎప్పుడు అన్నమాట, ఆమె వంటింట్లోంచి తెచ్చే కాఫీ అతన్ని చేరేలోపే చల్లారిపోతోంది. నరహరి చల్లారిందే తాగుతాడు.

ఈ హిందీ తంటా అంతా అతని కోసమే. నరహరికి ఎక్కడో ఉత్తరాదికి బదిలీ అయింది. ఊరి పేరు చెప్పలేదు. ఇవాళే ప్రయాణం. ఊరు తెలియకపోతే వెనకాల వెళ్లి చేరేదెలా అని మంగతాయారు బెంగ.

అడగొచ్చు కదా అంటారేమో. కాలు బయట పెట్టబోయేవాణ్ణి ఎక్కడికని ఎవరైనా అడుగుతారా? అడిగితే శకునం చెడినట్టే. అతను వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. బుద్ధెరిగాక ఆ మాట ఆమె నోట రాలేదు.

నరహరి పెట్టె పట్టుకుని గడప దగ్గర నిలబడతాడు.

"దూరమాండీ?" అంటుంది మంగతాయారు, హాలు ఈ చివర నుంచి.

"దూరమే."

హిందీ మేష్టారు దక్షిణామూర్తి గారు గోడ అలమరలో కూర్చునే పాఠం చెబుతారు. అక్కడైతే నడుముకి సుఖమట. ఆయన తలుపు సందులోంచి తల బయటపెడతారు.

"హిందీలో అడుగమ్మా. మన శకునాలకి తెలుగు తప్ప రాదు."

"ఏమని అడగాలండీ?"

"కహాఁ." అంటే ఎక్కడికి అన్నమాట.

"కహాఁ?" అని అరుస్తుంది. హాలు మళ్లీ సాగుతుంది. పాపం, మేష్టారికి తెలియదు, శకునానికి హిందీ శుభ్రంగా వచ్చు. నరహరి పెట్టె దించి కుర్చీలో కూర్చుంటాడు. ఆమె పరుగున తెచ్చిన నీళ్లు తాగి లేస్తాడు. మళ్లీ పెట్టె అందుకుంటాడు.

అడుగుతున్నంతసేపూ అతను వెళ్లలేడని ఆమెకి అప్పుడు అర్థమవుతుంది. సిగ్గు విడిచి మళ్లీ అడుగుతుంది. మళ్లీ నీళ్లు. మళ్లీ.

"ఇంక పట్టదు తాయారూ."

"అయితే ఊరి పేరు చెప్పండి."

"బయల్దేరితే గానీ నాకూ తెలియదు."

ఆమెకి ఏడుపొస్తోంది. అయినా అడుగుతుంది. తాగిన నీళ్లు అతని నడుం దాకా, గుండెల దాకా బయటికే కనబడతాయి, గాజు కూజాలో కనబడినట్టు. ఆ నీళ్లలో, చొక్కా మూడో గుండీ దగ్గర, చిన్న రైలు ఆగి ఉంది. పెట్టె పట్టుకుని దాన్ని ఎక్కుతున్నది మంగతాయారే. పక్కన ఎవరూ లేరు.

"ఎక్కడికే?" అని తెలుగులోనే కేక పెడుతుంది మంగతాయారు.

శకునం చెడినా రైల్లో ఆవిడ వెనక్కి తిరగదు. కిటికీ పక్కన కూర్చుని, ఎదుటివాళ్లతో నవ్వుతూ గలగలా హిందీ మాట్లాడుతోంది. ఆ మాటల్లో ఒక్కటీ మంగతాయారు ఇంకా నేర్చుకోలేదు. రైలు కదులుతుంది.