ఎత్తి పట్టుకున్న చెయ్యి

పక్షవాతం వచ్చాక మా అత్త నార్మాకి మింగడం పోయింది. పొట్టలోకి పెట్టిన గొట్టానికి పెద్ద సిరంజి తగిలించి, అందులో డబ్బా పాలు పోసి, ఎత్తి పట్టుకుని నిలబడాలి. తొందరపడితే వాంతి చేసుకుంటుంది. చెయ్యి దించితే పాలు వెనక్కొస్తాయి. ఆ పొద్దున నేనలా నిలబడి ఉండగా ఫ్లోరిడా నుంచి ఆడపడుచు వెల్డా ఫోన్ చేసింది. "ట్వైలా ఏం చేస్తోంది?" అని అడగడం స్పీకర్లో వినిపించింది. మా ఆయన డ్వేన్ మిల్లు బూట్లు తొడుక్కుంటూ, "ఏం లేదు, అమ్మ దగ్గర కూర్చుంది" అన్నాడు.

కోపం రాలేదు. ఒకప్పుడు వచ్చేది. ఇప్పుడు అతని మాటలు పక్కగదిలో టీవీలాగా వినిపిస్తాయి. పగలు అత్తని చూసుకునే పక్కింటి డెల్ఫా, ఊరు వదిలి తన కూతురి దగ్గరికి వెళ్ళిపోతోందని తెలిసిన రోజు కూడా ఇంతే. "ఇంకో మనిషిని పెట్టడం దండగ. నీ ఉద్యోగం మానెయ్, ఎలాగూ రోజూ చేసేదేగా" అన్నాడు. శుక్రవారంలోగా ఆఫీసులో చెప్పెయ్యమన్నాడు. నేను తలూపాను. ఆ రోజే శుక్రవారం. వెళ్తూ గుమ్మంలోంచి, "మర్చిపోకు" అన్నాడు. దానికీ తలూపాను.

స్కూళ్ళలో జబ్బు పిల్లలకి చేసే సేవలకి, పేదల ప్రభుత్వ బీమా మెడికెయిడ్ నుంచి డబ్బు రాబట్టడంలో సాయపడటం నా పని. నర్సులు, మాట నేర్పేవాళ్ళు, ఆయాలు, అందరూ నా లెక్కలోకి వస్తారు. కంప్యూటర్ తనకి తోచిన మనిషినీ, తోచిన నిమిషాన్నీ ఎంచుకుని అడుగుతుంది: ఆ నిమిషంలో ఎవరితో ఉన్నారు, ఏం చేస్తున్నారు, ఎందుకు చేస్తున్నారు? ఆ జవాబులను బట్టే స్కూలుకి డబ్బొస్తుంది. మా కొండ ఊళ్ళలో ఆ డబ్బు లేకపోతే నర్సు కూడా ఉండదు. జవాబు అర్థం కాకపోతే నేను వెళ్ళి మళ్ళీ అడగొచ్చు. మాట మాత్రం అందించకూడదు. మా ఆడవాళ్ళు ఎప్పుడూ ఒకే తప్పు చేస్తారు. 'సాయం చేశాను' అని రాస్తారు. 'పక్కనే ఉన్నాను' అని రాస్తారు. చేసిన పనేమిటో రాయరు. ఆ రోజు ఆయా ఒపల్ రాసింది: 'ఎంబర్ దగ్గర ఊరికే కూర్చున్నాను.'

ఒపల్ భోజనాల గది వెనక మొక్కజొన్న రొట్టె తింటోంది. చక్రాల కుర్చీ పిల్ల ఎంబర్ పక్కనే నిద్రపోతోంది.

"ఊరికే అంటే?" అన్నాను.

"ఊరికే అంటే ఊరికేనే తల్లీ. దానికి పాలు పోశా. అదీ గవర్నమెంటుకి చెప్పుకోవాలా? నలుగుర్ని కని పెంచా, ఒక్కడైనా వచ్చి 'ఒపల్, ఏం చేస్తున్నావమ్మా' అన్నాడా?"

"నీ చేతులేం చేస్తున్నాయి అప్పుడు?"

నవ్వబోయి ఆగింది. "ఒకటి సిరంజి ఎత్తి పట్టుకుంది. ఇంకోటి దీని చెయ్యి పట్టుకుంది, లేకపోతే గొట్టం లాగి పారేస్తుంది రాకాసి. కళ్ళు దీని పెదాల మీద. రంగు మారితే నర్సుని పిలవాలిగా."

"నాకు చెప్పిందే రాయి."

"ఇంతా రాయాలా?" అంది. నా ల్యాప్‌టాప్ మీద రెండు వేళ్ళతో మెల్లగా కొడుతూ, కొట్టిన ప్రతి మాటా పైకి చదువుకుంది. చివర్లో ఎవరో కొత్త మనిషి గురించి చదివినట్టు తెర వైపు చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏంటే, వచ్చినప్పట్నించీ ఆ భుజం పిసుక్కుంటున్నావ్? నువ్వూ ఎవరికైనా పోస్తున్నావా?"

"లేదు. ఊరికే పట్టేసింది."

ఆ 'ఊరికే' నా నోట్లోంచే వచ్చింది. ఒపల్ రొట్టె ముక్క పక్కన పెట్టి నన్ను చూసింది. మళ్ళీ అడగలేదు. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి ఆఫీసు తలుపు దాకా వెళ్ళాను. లోపల మా అధికారిణి ఫోన్‌లో నవ్వుతోంది. తలుపు తట్టకుండానే తిరిగి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ధైర్యం లాంటిదేమీ కలగలేదు. భుజం నొప్పి మాత్రం తెలిసింది. ఇన్నాళ్ళూ అది కూడా తెలియలేదు.

సాయంత్రం అత్తకి పాలు కలిపాను. డ్వేన్ సోఫాలో ఉన్నాడు.

"చెప్పేశావా?"

"లేదు. చెప్పను. మీ మిల్లులో సాయంత్రం షిఫ్టుకి మనుషులు కావాలన్నావుగా, దానికి మారు. పగలు అమ్మని నువ్వు చూడు, నేనొచ్చాక నేను చూస్తా."

"పిచ్చా నీకు? నాకివన్నీ ఏం తెలుసు?"

"ఇటు రా."

వచ్చాడు, ఎందుకు వచ్చాడో. సిరంజి అతని చేతికిచ్చాను. "ఎత్తి పట్టుకో. దించకు. అమ్మ పెదాలు చూస్తుండు."

"ఎంతసేపు?"

"అయ్యేదాకా."

నార్మా కళ్ళు కొడుకు ముఖం మీదికి తిరిగాయి. అతని మోచెయ్యి అప్పుడే కిందికి జారబోయింది, మళ్ళీ ఎత్తాడు. నేను వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాను. టేబుల్ మీద ఫోన్ మోగింది. అతను రెండో చేత్తో స్పీకర్ నొక్కాడు. వెల్డా.

"అమ్మ ఎలా ఉంది? ట్వైలా ఏం చేస్తోంది?"

డ్వేన్ నా వైపు చూశాడు.

"ఏం లేదు," అన్నాడు. "కూర్చుంది."

ఈసారి నేను నిజంగానే కూర్చుని ఉన్నాను.