ఖాకీకి నోరు విప్పని వీధి

ధర్మవరంలో ఆ నేతగాళ్ళ వీధికి నిజాయితీలో మంచి పేరుండేది. పట్టు తూకంలోగానీ, జరీ విషయంలోగానీ, పెళ్ళి మాటల్లోగానీ ఒకరినొకరు మోసం చేసుకోరని ముదిగుబ్బ దాకా చెప్పుకునేవాళ్ళు. అయితే ఖాకీ గుడ్డ కనపడిందంటే మాత్రం ఆ వీధిలో ఎవరికీ ఎవరూ తెలియదు. అన్న తమ్ముణ్ణి ఎరగడు, అత్త కోడల్ని ఎరగదు. పోలీసు వచ్చి పొద్దు ఏ పక్క పొడుస్తుందని అడిగినా, "మాకేం తెలుసు సామీ, మగ్గం గుంతలో కూచునేటోళ్ళం" అని తల వంచుకునేవాళ్ళు. అదేదో పిరికితనం అనుకునేరు, కాదు. దానికో కారణముంది, ఆ సందర్భం వచ్చినప్పుడు చెబుతాను.

ఆ వీధిలో అందరికన్నా నోరుగల మనిషి కుళ్ళాయమ్మ. నలభై దాటని వితంతువు. నేతకు పట్టు కండెలు చుడుతూ బతికేది. అక్క చనిపోతే ఆ ఇంట్లోనే ఉండి అక్క కొడుకు చంద్రప్పను చేరదీసి పెంచింది. వాడి నాయన నరసింహులు మగ్గం దిగితే కదా కొడుకును చూసుకోవడానికి! అందుకని పలకా బలపం దగ్గర్నుంచి ఎమ్మెస్సీ దాకా వాడి చదువు వెనక ఉన్నది ఈ చిన్నమ్మే. రసాయన శాస్త్రమంటే ఏమిటో ఆమెకు తెలియదు. పట్టుకు అద్దిన రంగు ఉతికితే ఎందుకు దిగుతుందో, దిగకుండా ఏం చెయ్యాలో తేల్చే చదువని చంద్రప్ప చెబితే, "అయితే మన పనే కదప్పా" అని తృప్తిపడింది.

1959లో చంద్రప్ప హిందూపురంలో సైన్సు టీచరుగా ఉన్నాడు. వెనుకబడిన కులాల పిల్లలు పై చదువులకు విదేశాలకు పోవడానికి కేంద్ర ప్రభుత్వం స్కాలర్‌షిప్‌లు ఇస్తోందని పేపర్లో చూసి దరఖాస్తు పెట్టాడు. ఢిల్లీకి పిలిచి ఇంటర్వ్యూ చేశారు, ఎంపిక చేశారు. రంగుల రసాయనం చదవడానికి ఇంగ్లండు. ఓడ చార్జీ, ఫీజు, అక్కడి తిండీ గుడ్డా అంతా సర్కారుదే. దేశం మొత్తానికీ ఇచ్చేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. ఇక మిగిలింది ఒక్కటే, కుర్రవాడి నడతా పుట్టుపూర్వోత్తరాలూ విచారించడం.

ఒక ఆదివారం ఇంటికొచ్చి ఆ మాట చెప్పాడు చంద్రప్ప. "సర్కారు మనిషి ఒకాయన వస్తాడు చిన్నమ్మా. నన్ను గురించి వీధిలో అడుగుతాడు. ఉండేది ఉండేట్టు చెప్పండి."

"సర్కారు మనిషి అంటే ఎట్లుంటాడప్పా?"

"ఎట్లుంటాడు, ఆఫీసరు మాదిరి ఉంటాడు."

ఎమ్మెస్సీ చదివినవాడు, ఢిల్లీ చూసి వచ్చినవాడు, ఆ మాట ఇంకాస్త విడమర్చి చెప్పాల్సింది. చెప్పలేదు. విచారణకు వచ్చేది పోలీసని వాడికీ తెలియదు. వీధి వీధంతా కోటు తొడుక్కున్న ఆఫీసరు కోసం కళ్ళల్లో వత్తులు వేసుకుని కూర్చుంది.

కోటు మనిషి వచ్చాడు కూడా. పదిరోజుల లోపలే నల్లకోటు, చేతిలో తోలుసంచీ, ఎండకు కందిన మొహంతో ఒకాయన వీధి మొదట నిలబడ్డాడు. కుళ్ళాయమ్మ ఎదురేగి కుర్చీ వేయించి, కాఫీ ఇప్పించింది. ఆయన నోరు తెరిచే లోపలే చంద్రప్ప గుణగణాలు ఏకరువు పెట్టింది. వాడు చీమకు కూడా హాని చెయ్యడంది, బీడీ ముట్టడంది, ఆడపిల్లల వైపు కన్నెత్తి చూడడంది. పక్కనున్నవాళ్ళు అందుకుని తలా ఒక మాట కలిపారు. ఆయన గంటసేపు ఓపిగ్గా విని, "అంత మంచి పిల్లోడైతే ఒక పాలసీ తీసుకోమని చెప్పండమ్మా" అన్నాడు. ఆయన అనంతపురం నుంచి వచ్చిన బీమా ఏజెంటు. బీమా సంగతి ఆ వీధిలో ఎవరికీ అర్థం కాలేదు. పాలసీ అంటే ఇంగ్లండు చదువులో ఏదో భాగమనుకుని, "తీసుకుంటాడు సామీ, ఎందుకు తీసుకోడు" అని సాగనంపారు. విచారణ దివ్యంగా జరిగిందని అందరూ సంబరపడ్డారు.

ఆ తర్వాత వారం దినాలకు అసలాయన వచ్చాడు. కానిస్టేబు యల్లప్ప, ఎర్ర టోపీ, ఖాకీ నిక్కరు, సైకిలు.

పొద్దున్నే వచ్చాడు. ఆ వేళప్పుడు నేతకు నిలువు దారాలయ్యే పట్టు పడుగును వీధి పొడుగునా సాగదీసి కట్టి, రెండు పక్కలా ఆడా మగా నిలబడి తెగిన పోగులు అతుకుతుంటారు. మనిషి పోవడానికే దారి ఉండదు, ఇక సైకిలు ఎక్కడ పోతుంది? యల్లప్ప ఈ కొసనే ఆగిపోయి, "నరసింహులు కొడుకు చంద్రప్ప ఇల్లు యాడ?" అని కేక వేశాడు.

పోగుల మీద చేతులు ఆగలేదు, తలలు లేవలేదు. ఒకడు తెలీదన్నాడు. ఇంకొకడు ఆ పేరు వినలేదన్నాడు. మూడోవాడు, ఎప్పుడో మడకశిర పక్కకు వలసపోయిన కుటుంబం ఒకటుండేదన్నాడు. ఇలా మూడు రకాలుగా చెబితే అనుమానం వస్తుందని కుళ్ళాయమ్మ ముందుకొచ్చి ఒక్క మాటలో తేల్చేసింది. "ఆ పేరుగల మనిషి ఈ వీధిలో పుట్టలేదు, పెరగలేదు సామీ. నేను ఈడ ఉండేదాన్ని, నాకు తెలీకుండా ఎవరుంటారు?"

యల్లప్ప రాసుకుని వెళ్ళిపోయాడు. పిల్లవాణ్ణి కాపాడుకున్నామని ఆమెకు కడుపు నిండినట్లయింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

నెల తిరక్కముందే చంద్రప్ప హిందూపురం నుంచి పాసింజరు దిగి ఇంటికొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. హిందూపురంలో ఉంటున్నాడు కాబట్టి వాడి కాగితాలు పెనుకొండ రెవెన్యూ డివిజను ఆఫీసుకు వచ్చాయి. అభ్యర్థి చెప్పిన వీధిలో అటువంటి వ్యక్తి లేడని ధర్మవరం పోలీసు రిపోర్టు వచ్చిందనీ, సంజాయిషీ చెప్పకపోతే తప్పుడు చిరునామా ఇచ్చినట్టు పైకి రాస్తామనీ, స్కాలర్‌షిప్ జాబితాలో తర్వాతివాడికి పోతుందనీ ఆ ఆఫీసు తాఖీదు పంపింది.

"పోలీసు వచ్చినాడా చిన్నమ్మా?"

"వచ్చినాడు. ఖాకీ గుడ్డలోడు వచ్చి నిన్ను అడిగితే నేనెట్ల చెప్తానురా? మా తల్లి మీద ఒట్టు, నీ పేరు బయటికి రానిచ్చింటే కదా!"

చంద్రప్పకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. "నన్ను పెంచినావు. పెంచి, నేను పుట్టనే లేదని చెప్పినావా?"

ఆ మాటతో కుళ్ళాయమ్మకు విషయం తలకెక్కింది. కండెలు చుట్టే రాట్నం ముందు అలాగే కూలబడింది. వాడు తిట్టినా బాగుండేది. తిట్టకుండా, తప్పు నాదే, సరిగా చెప్పలేదని అన్నాడు. దాంతో ఆమె బాధ రెండింతలయింది. తన చేత్తో పెట్టిన అన్నం తానే కాలితో తన్నానని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, మొహం కడుక్కుని, "పద పెనుకొండకు" అంది.

పెనుకొండ స్టేషన్లో దిగి జట్కా కట్టించుకుని ఆఫీసుకు పోయారు. ఆఫీసరు పెద్దమనిషే. కళ్ళజోడు నొసటి మీదికి తోసి ఇద్దర్నీ చూశాడు.

"హిందూపురంలో ఈ అబ్బాయి అద్దెకుండే ఇంటి ముసలమ్మ కన్నడంలో గంటసేపు పొగిడిందని అక్కడి రిపోర్టు. రెండేళ్ళ పరిచయానికే అంత చెప్పింది. పుట్టిన వీధిలోనేమో అసలు పుట్టలేదంటున్నారు. నేను దేన్ని నమ్మాలమ్మా?"

"ఆ యమ్మ చెప్పిందే నిజం సామీ. అబద్ధం చెప్పింది నేను."

"ఎందుకు చెప్పావు?"

"ఖాకీని చూసి."

ఆయన కాగితాలు తిప్పి కలం తీశాడు. "నువ్వు వచ్చి చెప్పిన మాట రాసుకుంటాను. కానీ పోలీసు రిపోర్టు మళ్ళీ పోలీసే ఇవ్వాలి. ఇంకోసారి విచారించమని రాస్తాను. ఈసారీ మీ వీధిలో తెలీదన్నారంటే నేను చేయగలిగిందేమీ లేదు" అన్నాడు.

ఊరికి తిరిగొచ్చిన సాయంత్రమే కుళ్ళాయమ్మ వీధి పెద్ద ఆదెప్ప ఇంటికి పోయింది. ఆదెప్ప డెబ్బై ఏళ్ళవాడు, నేత మానేసినా వీధిలో మాట మాత్రం ఆయనదే.

"పెదనాయనా, పోలీసు మళ్ళా వస్తాడు. ఈసారి అందరూ నిజం చెప్పాల."

"ఖాకీకి నిజం చెప్పమని నువ్వా అడుగుతాండేది?" అన్నాడు ఆదెప్ప.

ఇదీ ఆ కారణం. 1942లో ధర్మవరం దగ్గర ఎవరో టెలిగ్రాఫ్ తీగలు తెంపారు. కుళ్ళాయమ్మ మొగుడు ఈరప్పకు తెగిన పోగులు అతకడమే వచ్చు, తెంపడం రాదు. అయినా ఎవరో ఆయన పేరు చెప్పారు. ఒక కానిస్టేబు ఈ వీధికొచ్చి, ఈరప్ప ఇల్లు ఎక్కడని అడిగాడు. అప్పటికి కాపురానికి వచ్చి ఏడాది నిండని కుళ్ళాయమ్మే ఇల్లు చూపించింది. జైలు నుంచి ఈరప్ప దగ్గు తెచ్చుకుని తిరిగొచ్చాడు, ఏడాది తిరక్కుండా పోయాడు. కర్మకాండ అయిన రోజే వీధి వీధంతా మగ్గాలు ముట్టి ఒట్టుపెట్టుకుంది, ఇకమీద ఖాకీకి ఎవరి ఇల్లూ ఎవరూ చూపించకూడదని. ఆమెను నిందించకుండా ఉండడానికి వాళ్ళకు తోచిన మార్గం అది. తప్పు ఆమెది కాదు, ఖాకీకి చెప్పడానిదే అని తేల్చారు.

"ఆ కట్టు నీ కోసరం పెట్టినాము" అన్నాడు ఆదెప్ప. "మేం విప్పేది కాదు. నువ్వు ముందు చూపిస్తే, ఎనక మేమంతా చెప్తాము. నువ్వు చూపించకపోతే మా నోట్లో మాట రాదు."

ఆయన మొండితనంతో అన్న మాట కాదని ఆమెకు తెలుసు. ఇంటికొచ్చి పడుకుంది. ఇది చదువు కోసమే, భయం లేదు, చంద్రప్ప చెప్పాడు, పెనుకొండ ఆఫీసరూ చెప్పాడు. బుర్రకు అంతా అర్థమయింది. గుండెకు అర్థం కాలేదు. ఆనాటి కానిస్టేబూ ఎంతో మెత్తగానే మాట్లాడాడు మరి.

యల్లప్ప వచ్చింది ఒక ఆదివారం పొద్దున. చంద్రప్ప ఇంట్లోనే ఉన్నాడు. వీధిలో మామూలుగానే పడుగు సాగదీసి ఉంది. యల్లప్ప సైకిలుకు స్టాండు వేసి, ఈసారి కేక వేయకుండా విసుగ్గా అన్నాడు. "మీ పుణ్యమా అని ఇన్‌స్పెక్టరు దగ్గర తలవంపులు పడినాను. ఇప్పుడైనా చెప్పండబ్బా. చంద్రప్ప ఇల్లు యాడ?"

పోగుల మీద చేతులు ఆగాయి. ఎవరూ యల్లప్పను చూడలేదు, అందరూ కుళ్ళాయమ్మను చూశారు. నరసింహులు గడపలో నిలబడి మరదలి వైపే చూస్తున్నాడు. తెలీదన్న మాట ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది, పదిహేనేళ్ళకు పైగా అలవాటైన మాట. ఆనాడు తాను ఎలా నడిచిందో గుర్తొచ్చింది. వచ్చినవాడు చీర బేరానికి వచ్చాడనుకుని, కొంగు సర్దుకుని, నవ్వుతూ ముందు నడిచి, లోపల మగ్గం మీదున్న మొగుణ్ణి తానే పిలిచింది. ఈరప్ప చేతిలోని పేక దారపు నాడె కింద పెట్టి లేచి వచ్చాడు, ఆ కానిస్టేబు పక్కన నడిచి వీధి మలుపు తిరిగిపోయాడు.

"మా ఇల్లే" అంది కుళ్ళాయమ్మ. "రాండి, చూపిస్తా."

పడుగు కింద నుంచి వంగి ముందు నడిచింది. వెనక యల్లప్ప బూట్ల చప్పుడు వింటూ ఇంటి దాకా వెళ్ళడం ఎంత కష్టమయిందో ఆమెకే తెలుసు. గడప దగ్గర నిలబడి, "చంద్రా, బయటికి రా" అని పిలిచింది.

అంతే, వీధికి నోళ్ళు లేచాయి. ఆదెప్ప వాడి పుట్టుక చెప్పాడు, పక్కింటి తిప్పమ్మ వాడికి అమ్మవారు పోసిన సంగతి చెప్పింది, మడకశిర వలస కథ అల్లినవాడే వాడి మార్కులు చెప్పాడు. అన్నేళ్ళ బాకీ తీర్చేటట్టు అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే యల్లప్ప చేతులు జోడించి, "చాలప్పా, నా పుస్తకంలో ఇంత చోటు లేదు" అన్నాడు. చంద్రప్ప చేత సంతకం చేయించుకుని, నరసింహులు ఇచ్చిన మజ్జిగ తాగి లేచాడు.

చంద్రప్ప ఆ ఏటి సెప్టెంబరులో బొంబాయిలో ఓడెక్కాడు. అది తర్వాతి మాట. ఆ పొద్దు మాత్రం యల్లప్ప వెనకే కుళ్ళాయమ్మ వీధి చివరి దాకా నడిచింది. ఆయన సైకిలెక్కి మలుపు తిరిగేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడింది. పోలీసు ఒక్కడే పోతున్నాడు. పక్కన ఎవరూ లేరు.