గ్రేవీ కింద కూత

మరదలు పొద్దున్నే చేతులు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, గోళ్ల సందులు కూడా చూసుకున్నాక గాని కీమా గిన్నె మీద మూత తీసేది కాదు. బట్టల మిల్లు క్యాంటీన్‌లో ఆమె రెండో వంటమనిషి. మొదటి వంటమనిషి స్వయానా ఆమె అక్క మొగుడు. మిల్లులో అందరూ అతన్ని మాస్టర్ అనేవాళ్లు, ఆమె బావా అనేది. ఉద్యోగం ఇప్పించింది అతనే. ఆ సంగతి వారానికి ఒకసారైనా గుర్తు చేయకపోతే అతనికి తోచేది కాదు.

గురువారం టర్కీ కోడి బర్గర్లు. టర్కీ మాంసంలో కొవ్వు తక్కువ, ఊరికే పెనం మీద పడేస్తే చెప్పు అట్టలా ఎండిపోతుంది. అందుకని ఆమె రొట్టె పొడిని పాలలో నానబెట్టి, ఉల్లిపాయ తురిమి, ఆ రసంతో సహా కీమాలో వేళ్ల కొసలతో కలిపేది. ఎక్కువ పిసికితే బిళ్ళ గట్టిపడుతుంది. చెయ్యి తడి చేసుకుని బిళ్ళలు తట్టి, ఒక్కోదాని నడుమ బొటనవేలితో చిన్న గుంట నొక్కేది. రెండు వైపులా ఎర్రగా కాల్చి పక్కన పెట్టి, అదే పెనం అడుగున అంటినదంతా గోకి, ఉల్లిపాయలు వేయించి, కాస్త పిండి చల్లి, ఎముకలు ఉడికించిన నీళ్లు పోసి గ్రేవీ చేసేది. బిళ్ళల్ని మళ్లీ అందులోకి దింపి సన్న సెగ మీద ఉంచేది. కొరికితే రసం గడ్డం మీదికి కారేది.

చెడిపోయిన టర్కీ మాంసం కూస్తుందని అందరికీ తెలిసిందే. ఒక రోజు నిలవైతే గొంతు సవరించుకున్నట్టు చిన్నగా అంటుంది. రెండు మూడు రోజులైతే ప్రాణమున్న కోడిలాగే గుళగుళమని మొదలుపెడుతుంది. మాంసం కొట్లో ఆడవాళ్లు పొట్లాన్ని చెవి దగ్గర పెట్టుకుని, విని కొనేవాళ్లు. "నిద్రపోతోందమ్మా, నిశ్చింతగా తీసుకెళ్లండి" అనేవాడు కొట్టతను.

మూడు వారాల కిందట బావ కీమా కలిపే పని తాను తీసుకున్నాడు. మరదలికి బన్నులు కోయడం, ఉల్లిపాయలు తరగడం అప్పజెప్పాడు. పొగ పోయే పెద్ద ఫ్యాను పొద్దున వచ్చీ రాగానే వేసేవాడు. గ్రేవీ వారం వారం చిక్కబడింది. గరిటె నిలబెడితే నిలబడేది. మిల్లువాళ్లు మాస్టర్ చేతి మహిమ అని లొట్టలేశారు. ఆమెకు అది గోడకు అంటించే జిగురులా కనబడింది.

ఆ గురువారం పదింటికి కరెంటు పోయింది. ఫ్యాను ఆగిపోయింది. వంటగది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో, మూత పెట్టిన స్టీలు గిన్నెలోంచి, గుళగుళ, గుళగుళ.

ఆమె మూత తీసింది. తడి మేజోళ్ల కంపు ముఖానికి కొట్టింది. కీమా అంచులు బూడిద రంగుకు తిరిగాయి, నడుమ పచ్చగా మెరుస్తోంది. వేలు పెడితే జిగట దారంలా సాగింది. ఆ దారం తెగకుండా ఆమె వేలినే పట్టుకుని వచ్చింది. మాంసం కిందా మీదా ఊగుతూ మరింత గట్టిగా కూసింది.

ఆమె ఫ్రిజ్ తలుపు తెరిచింది. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు ఒక పక్క ఊడి నాలుకలా వేలాడుతోంది. లోపల చల్లదనం లేదు. కింది అర కింద, నెలల తరబడి కారిన రక్తం నల్లటి జిగురై పేరుకుని, అందులో ఒక చెంచా, రెండు ఉల్లి తొక్కలు, ఎవరిదో జుట్టు ఇరుక్కుని ఉన్నాయి. రబ్బరు వేయించానని సూపర్‌వైజర్ ముందు బావ సంతకం పెట్టి నెల దాటింది. మెకానిక్కును పిలవాలంటే ముందు ఫ్రిజ్ కడగాలి. కడగడానికి ఒళ్లు వంగక సంతకం పెట్టాడు. పెద్ద పెద్ద పాపాలన్నీ పెద్ద కారణాలతోనే జరగాలని లేదు.

బావ వెనక నుంచి వచ్చి మూత పెట్టేశాడు. పైపెదవి మీద చెమటను మణికట్టుతో తుడుచుకుని, ఆ చేత్తోనే మళ్లీ గిన్నె తెరిచి కీమా తీసి బిళ్ళలు తట్టాడు.

"మామూలు కన్నా నాలుగు గరిటెల పిండి ఎక్కువ వెయ్యి," అన్నాడు. "నోరు మూసుకుంటుంది."

"ఎవరి నోరు బావా?"

"దానిదీ, నీదీ."

నిజమే, చిక్కటి గ్రేవీలో దించాక కూత వినబడలేదు. బుడగలు మాత్రం లేచాయి. ఒక్కో బుడగ పైకి వచ్చి, పగిలి, ఊపిరి వదిలినట్టు నిట్టూర్చేది. అతను చెంచా ముంచి నాకి, అదే చెంచాను మళ్లీ ముంచి ఆమె ముందు పెట్టాడు. ఉప్పు సరిపోయిందో లేదో చూడమన్నాడు. ఆమెకు అక్క ఇల్లు గుర్తొచ్చింది. బావ ఉద్యోగం పోతే ఆ ఇల్లు ఏమవుతుందో గుర్తొచ్చింది. ఆమె ఆ చెంచా నోట్లో పెట్టుకుని మింగింది. సరిపోయిందని చెప్పింది.

పన్నెండున్నరకు గంట కొట్టారు. మిల్లువాళ్లు వరసగా ప్లేట్లు పట్టుకుని వచ్చారు. అందరికన్నా ముందు మగ్గాల పక్కనున్న మడతల సెక్షన్‌లో ముప్పై ఏళ్లుగా పని చేస్తున్న పెద్దమ్మ. ఆమె వెనక ఇంకా పదిమంది. మరదలు బన్ను తెరిచి, బిళ్ళ పెట్టి, పైన గ్రేవీ పోసింది. అలా పదకొండు ప్లేట్లు. ఆమె చెయ్యి వణకలేదు. తర్వాత ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఆమెకు వాంతి వచ్చేది మాంసం కంపుకు కాదు, ఆ వణకని చేతికి.

పన్నెండో ప్లేటు అక్కది.

అక్కదీ మడతల సెక్షనే, పచ్చకామెర్ల నుంచి లేచి ఆ వారమే పనిలోకి వచ్చింది. కళ్లల్లో పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. బావ పొయ్యి పక్కన నిలబడి పెళ్లాం ప్లేటు చూశాడు. చూసి, తల తిప్పుకుని గిన్నె గీరుతున్నాడు. మరదలి గరిటె గాలిలోనే ఆగిపోయింది. అక్క ఆకలిగా ఉందని, త్వరగా పెట్టమని అడిగింది. మరదలు గరిటెను మళ్లీ గిన్నెలో పడేసి, తినొద్దని అక్కకు మెల్లగా చెప్పింది.

మెల్లగానే చెప్పింది గాని, మొదటి బల్ల దగ్గర కూర్చున్న పెద్దమ్మ చెవులు మగ్గాల హోరులో ముప్పై ఏళ్లు గడిపినవి. పెదవుల కదలికను చూసే మాట పట్టుకుంటుంది. అప్పటికే సగం తిన్న బన్నును ప్లేటులో పెట్టి, ప్లేటుతో సహా లేచి వచ్చింది.

"మీ అక్కకు పెట్టనిది మాకెందుకు పెట్టావే?"

పెద్దమ్మ తన ప్లేటు ఎత్తి, బిళ్ళ మీది గ్రేవీని వేలితో గీరేసింది. గుళగుళమంది బిళ్ళ. పక్కవాళ్లు తమ ప్లేట్లు గీరారు. పదకొండు ప్లేట్లూ కూయడం మొదలుపెట్టాయి. ఒకడు బల్ల కిందికి వంగి కక్కుకున్నాడు.

బావ అప్పుడు నవ్వుతూ ముందుకు వచ్చాడు. పోయిన జన్మలో కోడినని గుర్తొచ్చి కూస్తోందని, రుచికి దానితో పనేమిటని అన్నాడు. ఎవరూ నవ్వలేదు. దాంతో పౌరుషం వచ్చి, గిన్నెలోంచి బిళ్ళలు తీసి నిలబడే తిన్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గ్రేవీ అతని గడ్డం మీద నుంచి చొక్కా గుండీల మీదికి జిడ్డుగా జారింది. వేళ్లు ఒక్కొక్కటే నాకి, చెయ్యి తుడుచుకుని, ఇక మీకు నమ్మకం కుదిరిందా అని అడగడానికి నోరు తెరిచాడు.

గుళగుళమన్నాడు.

మళ్లీ తెరిచాడు. మళ్లీ అదే. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటే కడుపులోంచి వచ్చింది. అక్క ఖాళీ ప్లేటును బల్ల మీద పెట్టి, మొగుడి వంక ఒక్కసారి చూసి, మడతల సెక్షన్‌కు వెళ్లిపోయింది.

సూపర్‌వైజర్ వచ్చి ఫ్రిజ్ తలుపును రెండు వేళ్లతో తెరిచి, వెంటనే మూసి, ముక్కు తుడుచుకున్నాడు. బావను ఉద్యోగంలోంచి తీసేయలేదు. వంటగదిలో ఉంటే కూసేది మాంసమో మనిషో తెలియదని మగ్గాల షెడ్డుకు మార్చాడు. అక్కడి హోరులో ఎవరు ఏం కూసినా వినబడదు. జీతం అంతే. చేసినదానికి శిక్ష పడిందనుకుంటే పొరపాటు, చోటు మారిందంతే. ఇంట్లో మాత్రం అన్నం దగ్గర అతను నోరు తెరిచినప్పుడల్లా అక్క తన కంచం తీసుకుని ఇంకో గదిలోకి పోతుంది.

తిన్న పదకొండుమందీ రెండు రోజులు వాంతులతో పడకేశారు. మూడో రోజుకు వాళ్ల కడుపుల్లో కూత సద్దుమణిగింది.

మరదలు తిన్నది ఒక్క చెంచా గ్రేవీ. అది మాత్రం పోలేదు. ఒక్కటే కూత, చిన్నది, ఆమె మాంసం గిన్నె మీద మూత తీసిన క్షణానా, గరిటె ఎత్తిన క్షణానా వస్తుంది. డాక్టరు ఇచ్చిన మందు పని చేయలేదు.

ఇప్పుడు పెద్ద పొయ్యి ఆమెదే. కొత్త ఫ్రిజ్‌ను వారానికి రెండుసార్లు అరలు తీసి తానే కడుగుతుంది. మూత తీసినప్పుడు వచ్చిన కూత మాంసానిదా, తనదా అని చెవి పెట్టి వింటుంది. తేల్చుకోలేకపోతే ఆ మాంసాన్ని పారబోస్తుంది. ఆ రోజు మిల్లుకు బన్నూ, గుడ్డూ. అలా మంచి మాంసం కూడా ఎన్నోసార్లు మట్టిలో కలిసింది. సూపర్‌వైజర్ గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు. గ్రేవీ మాత్రం పల్చగా చేస్తుంది. కింద బిళ్ళ అంచు కనబడాలి.

మళ్లీ బర్గర్లు చేసిన మొదటి గురువారం పెద్దమ్మే వరసలో ముందు నిలబడింది. మరదలు బన్నులో బిళ్ళ పెట్టి, గరిటె ఎత్తింది. గుళగుళమని ఒక్కసారి వినబడింది. వరస మొత్తం ఆగిపోయింది. పెద్దమ్మ వంగి ప్లేటుకు చెవి ఆనించింది. తర్వాత మరదలి ముఖంలోకి చూసింది.

"ప్లేటుది కాదు పెద్దమ్మా," అంది మరదలు, వెనక ఉన్న అందరికీ వినబడేలా. "నాది."

పెద్దమ్మ ప్లేటు ముందుకు చాపింది.