గుడ్డ కడుపు

"కడుపు మళ్లా చినిగిందంట బయమ్మా, మాపటికి కుట్టియ్యాల" అంటూ మా ఆయన తిప్పన్న గుడ్డమూట నా ముందు పెట్టాడు.

మా ఊరి ఆసుపత్రిలో మంత్రసానులకు పురుడు పోయడం నేర్పే గుడ్డ కడుపు అది. లోపల దూది బిడ్డ. దాన్ని సరిగ్గా బయటికి తీసినవాళ్లనే అసలు కాన్పులకు పంపుతారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటేడు మా ఆయన ఆసుపత్రివాళ్లకు ఒప్పందం రాసిచ్చాడు. పాఠం ఉన్న ప్రతిదినం కడుపు సిద్ధంగా ఉండాలి. చినిగితే ఆ సాయంత్రానికే బాగుచేయాలి. మారు కడుపు ఒకటి ఎప్పుడూ పెట్టి ఉంచాలి. ఒక్కసారి తప్పినా ఒప్పందం రద్దు. సంతకం ఆయనది, కుట్టేది నేను. "చొక్కాలు కుట్టే మగోన్ని, అట్లాటివి నేనెట్ల కుట్టేది?" అంటాడు. మంచివాడే పాపం. నాకు వేవిళ్లప్పుడు చింతచిగురు కోసం ఎండలో ఆమడ దూరం నడిచిపోయిన మనిషి. ఆయనంటే నాకు ప్రాణం. అయినా ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నాకు ఎనిమిదో నెల నిండింది. ఇది మూడో కాన్పు. రెండోదానికి పురుడు తీరకముందే మిషను తొక్కాను. కదిరి నుంచి అమ్మ రమ్మని కబురు పెడితే, మా అత్త లక్ష్మక్క "మూడోదానికి గూడా పుట్టిల్లేనా? అలవాటైన పనే గదా" అంది. సూదిలో దారం ఎక్కిస్తుంటే లోపల బిడ్డ తన్నింది. గుడ్డ కడుపుకైనా మారు ఉంది, నాకు లేదు అనిపించింది. సూది కింద పెట్టేశాను.

"రేపు కదిరికి పోతాండా. మూడు నెల్లు రాను."

"మరి ఒప్పందం?"

"సంతకం పెట్టినావు గదా, నువ్వే కుట్టు."

కాసేపు గొణిగి మిషను ముందు కూర్చున్నాడు. చినిగిన కడుపు మూతికి చొక్కా కాలరు బిగించినట్టు రెండు వరసల కుట్టు వేసి, గర్వంగా నా చేతికిచ్చాడు. దూది బిడ్డను నెట్టి చూశాను. తల కూడా బయటికి రాలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆయనా నవ్వాడు. తర్వాత ఆ బిగుసుకున్న కుట్టునీ, నా పొట్టనీ మార్చి మార్చి చూశాడు. నా రెండు కాన్పులప్పుడూ ఆయన వీధరుగు మీద బీడీలు కాలుస్తూ కూర్చున్నాడు.

నేను బట్టలు మూట కట్టుకుంటున్నాను. ఆయన కుట్టు విప్పుతూ, తల ఎత్తకుండా, మెల్లగా అడిగాడు. "బయమ్మా, బిడ్డ వచ్చేదానికి ఎంత దారి కావాల?"

ఇద్దరు బిడ్డల తండ్రి నన్ను ఆ మాట అడగడం అదే మొదటిసారి.