కొలతల గది తెర

ఆ తెర తానెందుకు లాగింది?

ఉదయం నుంచి ఆమెను ఆ ప్రశ్న వదలడం లేదు. కృత్రిమ కాళ్లు తయారుచేసి ఉచితంగా అమర్చే ఆ చిన్న సంస్థను నడిపేది ఆమే. అక్కడున్న ఒక్క గట్టి నియమమూ ఆమె పెట్టిందే: కాలు తొడిగినా విప్పినా కొలతల గదిలో, తెర వెనుకే జరగాలి. కట్టుకున్న భార్యయినా సరే, కాలు పెట్టించుకునే మనిషి పిలిస్తేనే లోపలికి రావాలి.

ఉదయం ఒక పేరుమోసిన నటుడు వచ్చాడు. విరాళాలివ్వమని అభిమానులను అడగడానికి, ఏమీ ఆశించకుండా ఒప్పుకున్న మంచివాడు. అక్కడ పెట్టించుకున్న కాలితో వరండాలో నడుస్తున్న ఒక వడ్రంగిని చూసి, "ఈయన దర్జాగా నడిచేస్తున్నాడు కదమ్మా! చూసినవాళ్ల మనసు కరగొద్దూ? కాలు విప్పి కూర్చోమనండి, నా చేత్తో తొడుగుతుంటే ఫోటో తీయిద్దాం," అన్నాడు.

వడ్రంగి ఆమె వైపు చూశాడు. నాలుగు నెలలు పడుతూ లేస్తూ నడక నేర్చుకున్న మనిషి. మొదటిసారి మెట్లెక్కిన రోజున "ఎన్ని కుర్చీలకు కాళ్లు బిగించానో! నాకు బిగించే వంతు మీకొచ్చిందమ్మా," అని అందరినీ నవ్వించిన మనిషి. ఆమె అడ్డుచెబుతుందని ఆశపడ్డాడు. ఆమె చూపు గోడ మీది జాబితాపైకి పోయింది. కాళ్ల కోసం ఎదురుచూస్తున్న నలభై పేర్లు.

"ఒక్క నిమిషమే అన్నా," అంటూ తానే తెర పక్కకు లాగింది.

ఫోటోలో అతను తల వంచుకున్నాడు. అందరూ దాన్ని కృతజ్ఞత అనుకున్నారు.

సాయంత్రం, కాళ్లు తయారుచేసే తమ్ముడు చేతులకంటిన ప్లాస్టర్ కడుక్కుంటూ, "ఆరింటికి ఫోటో పెడతారటక్కా. మన పంట పండినట్టే!" అన్నాడు.

"వెళ్లేటప్పుడు వడ్రంగన్న ఏమన్నాడురా?"

"తెర మూసి వెళ్లాడంతే."

నలభై మందిని నిలబెట్టడానికి ఒకణ్ణి కూర్చోబెట్టవచ్చునా? లెక్క వేస్తే జవాబు తేలికే. ఆ వంగిన తల గుర్తొస్తే ఏ లెక్కా నిలవడం లేదు.

ఆరు కావడానికి పది నిమిషాలుంది. ఆమె నటుడికే ఫోన్ చేసింది.

"బాబూ, ఆ ఫోటో పెట్టకండి. తప్పు నాది."

"అయ్యో, అంత బాగా వచ్చిందమ్మా! మరి అది లేకపోతే జనం ఇస్తారంటారా?"

"ఇవ్వకపోవచ్చు."

"సరేనమ్మా. మరి ఏం పెట్టను?"

"అతను ఒప్పుకుంటే, మీరిద్దరూ కలిసి నడవండి, ఆ ఫోటో పెట్టండి. వద్దంటే ఏమీ పెట్టకండి."

"ఎక్కడికక్కా?" అన్నాడు తమ్ముడు.

ఆమె అప్పటికే చెప్పులు తొడుక్కుని, వడ్రంగి ఇంటి దారి పట్టింది.